గురిగింజ ఎత్తు మందు

1804 సెప్టెంబరు 15. విశాఖపట్నంలో అప్పటికి క్రేన్లు లేవు, గోదీలు లేవు. ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరేసుకుంటే సరుకు పడవల మీద అటూ ఇటూ తిరిగేది. ఆ ఉదయం 50 ఫిరంగుల ఇంగ్లీషు యుద్ధనౌక ‘సెంచూరియన్’ అక్కడ ఆగి ఉంది. ‘బార్నబీ’, ‘ప్రిన్సెస్ షార్లట్’ అనే రెండు వర్తక నౌకలకు అది కాపలా. అంతలో ఫ్రెంచి అడ్మిరల్ లినోయా 74 ఫిరంగుల ‘మరెంగో’తో, మరో రెండు యుద్ధనౌకలతో వచ్చిపడ్డాడు.

గంటల తరబడి ఫిరంగులు మోగాయి. ఒడ్డున ఉన్న ఫిరంగులూ గొంతు కలిపాయి. బార్నబీ ఒడ్డుకు కొట్టుకుపోయి పగిలింది. ప్రిన్సెస్ షార్లట్ ఫ్రెంచివాళ్ళ చేతికి చిక్కింది. సెంచూరియన్ తాళ్ళు, తెరచాపలు చిందరవందరయ్యాయి. ఇంత జరిగాక ఆ నౌకలో లెక్క చూస్తే చనిపోయింది ఒక్కరు, గాయపడింది 9 మంది. వందల మంది నిండిన ఓడ మీదికి అంతంత బరువు గుండ్లు అంతసేపు కురిపిస్తే దక్కిన ఫలితం అది!

ఫిరంగి వాళ్ళకు చేత కాలేదనుకుంటే పొరపాటు. లోతు తక్కువని మరెంగో దగ్గరికి రాలేదు. అలలు ఓడను ఊపుతున్నాయి, పొగ కళ్ళకు అడ్డం. వీటికి తోడు ఇంకో లోపం ఫిరంగిలోనే ఉంది. ఇనప గుండు గొట్టం లోపల వదులుగా ఉండేది. బిగుతుగా చేస్తే మసి పేరుకున్నాక లోపలికి దిగదు. అందుకని పేలిన ప్రతిసారీ గుండు గొట్టం గోడలకు తగులుతూ దొర్లుకుంటూ వచ్చి, చివర ఏ వైపు తగిలితే దానికి ఎదురువైపు పోయేది. మందు కూడా ఒక పీపాలో పొడిగా ఉంటే ఇంకో పీపాలో చెమ్మగిల్లేది. గురిపెట్టింది ఒక చోటికే అయినా, కాల్చిన ఫిరంగి మాత్రం ప్రతిసారీ ఒక కొత్త ఫిరంగి.

తుపాకి విద్యలో గురి అంటే అసలు చిక్కు ఇక్కడే. తుపాకికి బలం చాలకపోవడం కాదు, నిన్న పేలినట్టు ఇవాళ పేలకపోవడం. రెండు వందల ఏళ్ళ తర్వాత అమెరికాలో రివాల్వరుతో జింకను వేటాడే మనిషి తన గ్యారేజీలో బల్ల ముందు కూర్చుని, ఒక్కొక్క తూటానూ చేత్తో నింపుకుంటూ కుస్తీ పట్టేది ఈ చిక్కుతోనే.

ఉయ్యాల కొలత

ఆ చిక్కును మొదట లెక్కలోకి లాగినవాడు మన తీరం మీదే కన్నుమూశాడు. బెంజమిన్ రాబిన్స్ ఇంగ్లండుకు చెందిన గణితవేత్త. 1742లో ఫిరంగి విద్య మీద ఒక పుస్తకం రాశాడు. మూడేళ్ళకే ఆయిలర్ అంతటివాడు దాన్ని జర్మనులోకి అనువదించాడు. తర్వాత ఈస్టిండియా కంపెనీ రాబిన్స్‌ను కోటల ఇంజినీరుగా చోళమండల తీరానికి పంపింది. కడలూరు పక్కన సెయింట్ డేవిడ్ కోటలో 1751 జూలైలో జ్వరంతో పోయాడు.

ఆయన చేసిన పనిముట్టు చూడటానికి పిల్లల ఉయ్యాల లాంటిది. బరువైన చెక్క దిమ్మను వేలాడదీసి, దాని మీదికి తుపాకి కాల్చాడు. గుండు దిగబడగానే దిమ్మ వెనక్కి ఊగుతుంది. ఎంత ఊగిందో దానికి కట్టిన రిబ్బను చెబుతుంది. గుండు బరువూ దిమ్మ బరువూ తెలుసు కనుక గుండు వేగం తేలిపోతుంది. కంటికి కనబడని వేగాన్ని మనిషి మొదటిసారి పట్టుకున్నాడు. మస్కెట్ గుండు సెకనుకు 500 మీటర్ల దాకా పోతుందనీ, గాలి దాన్ని అందరూ అనుకున్న దానికన్నా ఎన్నో రెట్లు గట్టిగా అడ్డుకుంటుందనీ రాబిన్స్ చూపించాడు. గొట్టం లోపల మెలిగాడులు తీసి గుండును తిప్పితే అది దారి తప్పదని కూడా గట్టిగా వాదించాడు.

ఇవాళ ఆ ఉయ్యాల స్థానంలో క్రోనోగ్రాఫ్ అనే చిన్న పెట్టె ఉంది. తూటా దాని మీదుగా పోతే వేగం అంకెల్లో కనిపిస్తుంది. పరికరం మారినా ప్రశ్న మారలేదు: ఈ తూటాకూ దాని ముందరి తూటాకూ తేడా ఎంత?

గింజలతో తూకం

తూటాలో మందును గ్రాముల్లో కాదు, ‘గ్రెయిన్ల’లో తూస్తారు. గ్రెయిన్ అంటే గింజే, ఒకప్పటి బార్లీ గింజ. ఒక పౌనుకు 7,000 గ్రెయిన్లు. ఒక్కోటి సుమారు 65 మిల్లీగ్రాములు. మన కంసాలి తూకం కూడా గింజదే, గురిగింజ ఎత్తు. అది గ్రెయినుకు దాదాపు రెట్టింపు, 120 మిల్లీగ్రాముల చిల్లర. తీగకు కాసిన గింజలన్నీ ఒకే బరువు ఉండవని కంసాలికి తెలుసు. అందుకే దొరికిన గింజను దొరికినట్టు తక్కెట్లో వేయడు, సరితూగేవి ఏరి పెట్టుకుంటాడు. తూటా నింపేవాడి ఓపిక కూడా ఆ జాతిదే. అతని త్రాసు గ్రెయినులో పదో వంతు తేడాను చూపుతుంది. అంటే గురిగింజను ఇరవై ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క.

ఒక తూటాలో నాలుగే వస్తువులు: ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు, లోపల మందు, మూతిలో గుండు. పేలినప్పుడు మూడు పోతాయి, తొడుగు మిగులుతుంది. దాన్ని తీసి తుడిచి, మళ్ళీ కొలతకు నొక్కి, కొత్త ప్రైమరు, మందు, గుండు పెట్టడమే చేతి నింపుడు.

తొడుగు ఇత్తడిలో రాగి 70 పాళ్ళు, జింకు 30 పాళ్ళు. జింకు అనగానే విశాఖవాసికి మింది గుర్తొస్తుంది. 1977లో అక్కడ మొదలైన జింకు స్మెల్టరు 2012లో మూతపడింది. రాగికి జింకు కలిస్తే వచ్చే గుణం తూటాకు ప్రాణం లాంటిది. పేలగానే తొడుగు ఉబ్బి, తుపాకిలో తాను కూర్చున్న గది గోడలకు అతుక్కుని వాయువును వెనక్కి రానివ్వదు. మరుక్షణం కొద్దిగా ముడుచుకుని బయటికి జారుతుంది. అయితే ఉబ్బిన ప్రతిసారీ, నొక్కిన ప్రతిసారీ ఇత్తడి కాస్త గట్టిపడుతుంది. తీగ లాగుతున్న కంసాలి మధ్యమధ్య దాన్ని కాల్చి మెత్తబరచేది ఇందుకే. రెండుసార్లు పేలిన తొడుగూ పదిసార్లు పేలిన తొడుగూ గుండును ఒకే బిగువుతో పట్టుకోవు. బిగువు మారితే మందు అంటుకునే తీరు మారుతుంది. అందుకని జాగ్రత్త గలవాడు ఒకేసారి కొన్న తొడుగులను ఒకే పెట్టెలో ఉంచి, ఎన్నిసార్లు పేలాయో పెట్టె మీద రాసుకుంటాడు. ఉక్కు కర్మాగారంలో కరిగించిన ప్రతి విడతకూ ఒక హీట్ నంబరు ఉంటుంది. ఇనప చువ్వల కట్టకు వేలాడే బిళ్ళ మీద కనబడేది అదే. ఈ పెట్టె మీది రాత కూడా అలాంటిదే.

ఒక రివాల్వరులో ఆరు తుపాకులు

రైఫిల్‌లో తూటా కూర్చునే గది గొట్టంలోనే భాగం. రివాల్వరులో అలా కాదు. ఆరు గదుల సిలిండరు తిరిగి, ఒక్కో గది వంతుగా వచ్చి గొట్టం ఎదుట ఆగుతుంది. గదికీ గొట్టానికీ మధ్య కాగితం మందమంత సందు, సుమారు 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు. గుండు ఆ సందును దాటి, గొట్టం వెనుక చివరనున్న గరాటులో దూరి, అప్పుడు మెలిగాడుల్లో పడాలి. గది ఒక వెంట్రుక వాసి పక్కకు ఆగినా గుండు గరాటు గోడకు ఒరుసుకుంటుంది, ఒక వైపు అరుగుతుంది. అరిగిన గుండు బొంగరంలా తిరుగుతూ తూలుతుంది. ఆ తిరుగుడు కూడా తక్కువది కాదు. పేరున్న .44 మాగ్నం రివాల్వరులో గుండు 20 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేలా మెలిగాడులుంటే, సెకనుకు 400 మీటర్ల వేగంలో అది నిమిషానికి 47,000 చుట్లు చుడుతుంది.

ఆరు గదులూ ఒకే యంత్రం మీద తొలిచినవే అయినా అచ్చు గుద్దినట్టు ఉండవు. కనుక ఆరు గుండ్ల రివాల్వరంటే ఒకే పిడికి ఆరు తుపాకులు. అనుభవం ఉన్న వేటగాడు గదులకు నంబర్లు వేసుకుని, ఒక్కో గది నుంచి విడివిడిగా కాల్చి చూస్తాడు. ఐదు గదులు ఒక చోట కొట్టి ఒకటి పక్కకు పోతుంటే, ఆ ఆరో గదిని అడవిలో చివరి వంతుకు ఉంచుతాడు. మందు మార్చక ముందే, పైసా ఖర్చు లేకుండా దొరికే గురి ఇది.

ఆ తర్వాత కొలతలు. పేరులో .44 ఉన్నా ఆ తూటా గుండు వ్యాసం నిజానికి .429 అంగుళాలు. పేరు పాతకాలపు తూటా తొడుగును బట్టి వచ్చింది. గది మూతి వ్యాసం గొట్టం గాడుల వ్యాసం కన్నా చిన్నదైతే గుండు ముందే నలిగి, గొట్టంలో వదులుగా పోతుంది. పక్కల నుంచి వేడి వాయువు దూరి సీసాన్ని కరిగించి గొట్టానికి పూత పూస్తుంది. 1804 నాటి వదులు గుండు కథే ఇది, మిల్లీమీటరులో వందో వంతుకు దిగిన కథ.

అచ్చు అక్షరాల సీసం

సొంతంగా గుండ్లు పోతపోసుకునేవాళ్ళకు లోహం పాళ్ళు మరో పాఠం. ఉత్త సీసం గోటికి గీత పడేంత మెత్తన, బ్రినెల్ కాఠిన్యంలో 5 ప్రాంతం. దానికి తగరం, ఆంటిమొనీ కలిపితే 15 వరకూ, ఇంకా పైకీ వెళ్తుంది. ఈ మూడూ కలిసిన లోహం తెలుగు నేలకు కొత్త కాదు. ఆఫ్‌సెట్ రాక ముందు ప్రెస్సుల్లో కంపోజిటర్ల వేళ్ళు నల్లబడింది ఈ లోహపు అక్షరాలతోనే. అచ్చులో పోసినప్పుడు సన్నని గీత కూడా నిండుగా రావాలి, ఒత్తిడికి నలగకూడదు. అక్షరానికైనా గుండుకైనా కావలసింది అదే. పాత లైనోటైపు యంత్రాలు మూలపడ్డాక అమెరికాలో ఆ లోహం కొంత గుండ్లు పోసేవాళ్ళ కుంపట్లలోకి చేరింది.

గట్టిదనం ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకుంటే మళ్ళీ దెబ్బే. పేలుడు ఒత్తిడికి గుండు అడుగు కొద్దిగా విచ్చుకుని గొట్టాన్ని మూసేయాలి. మరీ గట్టిదైతే విచ్చుకోదు, మరీ మెత్తదైతే గాడుల్లో పట్టు నిలవక ఒలిచినట్టు జారుతుంది. మందుకు తగ్గ లోహం, గొట్టానికి తగ్గ గుండు. వంటింట్లో పప్పుకు తగ్గ ఉప్పు లాంటి లెక్క.

ఈ కళకు మూలపురుషుడిగా రివాల్వరు వేటగాళ్ళు చెప్పుకునే పేరు ఎల్మర్ కీత్ (1899–1984). ఐడహో కొండల్లో పశువుల కాపరిగా, వేట దారి చూపేవాడిగా బతికి, పత్రికలకు రాసేవాడు. .44 స్పెషల్ తూటాకు ఆయన రూపుదిద్దిన చదునుముక్కు గుండు ఇప్పటికీ ఆయన పేరుతోనే చెలామణిలో ఉంది. ఆ తూటాలో ఇంకాస్త మందు పట్టే రకాన్ని తయారు చేయమని ఏళ్ళ తరబడి కంపెనీల వెంటపడ్డాడు. చివరికి స్మిత్ అండ్ వెసన్, రెమింగ్టన్ కలిసి 1955 ముగిసే వేళకు .44 మాగ్నంను బయటికి తెచ్చాయి. అంతకు 20 ఏళ్ళ ముందే, 1935లో, .357 మాగ్నం వచ్చింది. బలం కోసం మొదలైన ఈ పోటీ తర్వాతి తరానికి గురి కోసం సాగే వెతుకులాటగా మారింది. బలం కంపెనీ ఇస్తుంది, తన రివాల్వరుకు సరిపడే తూటా మాత్రం కంపెనీ ఇవ్వలేదు. కంపెనీ తూటా ప్రపంచంలోని ప్రతి రివాల్వరులోనూ పట్టాలి. చేత్తో నింపిన తూటా ఒక్క రివాల్వరులో పడితే చాలు.

పొడుగు తొడుగు, చిటికెడు మందు

పొగమందు కాలంలో తొడుగును నిండా దట్టించేవారు. పొగ రాని మందు వచ్చాక అంత అవసరం లేదు, కొంచెం వేస్తే చాలు. దాంతో తొడుగులో ఖాళీ మిగిలింది. తుపాకిని కిందికి వంచి పైకెత్తితే మందు గుండు వైపు చేరుతుంది, పైకెత్తి కిందికి దించితే ప్రైమరు వైపు చేరుతుంది. అదే తూటా రెండు వేగాలు చూపిస్తుంది. చెట్టు మీది అడవికోడికీ లోయలోని జింకకూ రెండు వేరు తూటాలు పేల్చినట్టవుతుంది. అందుకే వేటకు తొడుగును దాదాపు నింపేసే, నిదానంగా కాలే మందును ఎంచుకుంటారు.

ఇందులోనే ఒక ప్రాణరక్షణ ఉంది. తొందరగా కాలే మందు తొడుగులో సగమైనా నిండదు. ఏమరుపాటున రెండుసార్లు పోసినా పట్టేస్తుంది, కంటికి ఆనదు. ఆ తూటా పేలితే సిలిండరు బద్దలవుతుంది. నిండుగా పోసే మందైతే రెండోసారి పోయగానే పొంగి పొర్లి తప్పు తానే చెప్పుకుంటుంది. నింపిన తొడుగులన్నీ చెక్క పలకలో నిలబెట్టి టార్చి వేసి వరసగా తొంగి చూడటం ఈ పని చేసేవాళ్ళకు పూజ లాంటి నియమం.

తొడుగు మూతిని గుండు మీదికి మడిచి నొక్కడం మరో మెళకువ. రివాల్వరు వెనక్కి తన్నినప్పుడు మిగతా గదుల్లోని గుండ్లు తొడుగులోంచి ముందుకు జారబోతాయి. ఒక్కటి జారినా సిలిండరు తిరగక మొరాయిస్తుంది. మడత అన్నిటికీ ఒకే బిగువులో ఉంటే మందు అంటుకోవడమూ ఒకేలా ఉంటుంది.

వేగం తేడాకు ఎంత భయపడాలి? గాలిని పక్కన పెట్టి కాగితం మీద వేసుకుంటే తేలిపోతుంది. 400 మీటర్ల వేగపు గుండు 100 మీటర్ల దూరం పోయేసరికి సుమారు 31 సెంటీమీటర్లు కిందికి జారుతుంది, 380 మీటర్లది 34. అంటే 3 సెంటీమీటర్ల తేడా. 50 మీటర్ల దగ్గర ఆ తేడా ఒక్క సెంటీమీటరు కూడా ఉండదు. రివాల్వరు వేట చాలావరకు ఈ దగ్గరి దూరంలోనే సాగుతుంది. కనుక క్రోనోగ్రాఫ్ అంకెల కోసం నిద్ర మానుకునే ముందు గదుల కొలత చూసుకోవడం మేలు. ఇంకో వింత: దగ్గరి దూరంలో నిదానపు గుండు తరచు పైకి తగులుతుంది. అది గొట్టం దాటే లోపే తన్నుకు రివాల్వరు మూతి కాస్త పైకి లేచిపోవడమే కారణం.

ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి ఒక జవాబు

ఇంత శ్రమపడి నింపిన తూటా బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? మూడు కాల్చి, మూడూ ఒక చోట పడితే మురిసిపోవడం లోకరీతి. అదే రివాల్వరు, అదే తూటా. మూడు రంధ్రాల గుంపు 5 సెంటీమీటర్లు వస్తే, పది రంధ్రాల గుంపు సగటున 8 సెంటీమీటర్లకు విస్తరిస్తుంది. తూటా చెడిపోలేదు, దాని నిజరూపం ఇంకాస్త కనిపించింది.

చిన్న నమూనా ఎంత చెప్పగలదన్న ప్రశ్నకు హద్దు గీసినవాడు ఒకప్పుడు విశాఖలో చదువుకున్న కుర్రాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో పట్టా పుచ్చుకుని, యుద్ధకాలంలో సైనిక సర్వే శాఖలో ఉద్యోగానికని కలకత్తా వెళ్ళాడు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడే మహలనోబిస్ నడుపుతున్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి అడిగిన సందేహం మీద పట్టుబట్టి పనిచేసి, 1945లో ప్రచురించిన ఫలితం నేడు క్రామర్–రావు హద్దుగా ప్రపంచానికి పరిచయం. ఇన్ని కొలతల నుంచి ఇంతకు మించిన కచ్చితత్వం ఏ తెలివితేటలతోనూ పిండలేమని అది చెబుతుంది. 2023లో ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులోనే, 102 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

ఆ హద్దును బల్ల మీదికి దించితే ఇలా ఉంటుంది. ఐదు తూటాలతో కట్టిన చెదురు లెక్క అసలు విలువకు మూడో వంతు అటో ఇటో ఉండటం మామూలు. ఇరవై కాలిస్తే ఆరో వంతుకు దిగుతుంది. సందేహాన్ని సగం చేయాలంటే తూటాలు నాలుగింతలు ఖర్చవ్వాలి. ఈ వారం ఒక మందు, పై వారం ఇంకో మందు అని మూడేసి తూటాలతో తీర్పులిచ్చేవాడు చాలాసార్లు అదృష్టాన్ని తూస్తున్నాడు, మందును కాదు.

నింపలేనివాళ్ళు ఏరుకుంటారు

మన దగ్గర ఈ బల్లకు చోటు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషిద్ధం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం. అయినా ఈ విద్యలోని అసలు సూత్రం తెలుగువాళ్ళ చేతుల్లో మరో రూపంలో ఉంది.

హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వెండి పతకం, జట్టుతో కలిసి బంగారు పతకం గెలిచింది. ఆ పోటీ మొదటి దశలో పది పాయింట్ల వృత్తం వ్యాసం 5 సెంటీమీటర్లే. వాడే తూటా .22. దాని ప్రైమరు మందు తొడుగు అంచులోనే ఉంటుంది కనుక ఒకసారి పేలితే ఆ అంచు నలిగిపోతుంది, మళ్ళీ నింపడానికి కుదరదు. అందుకని పై స్థాయి షూటర్లు నింపుకోరు, ఏరుకుంటారు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లోని ఎలీ లాంటి తయారీదార్లు ఇందుకోసమే పరీక్షా రేంజీలు నడుపుతారు. షూటరు తన తుపాకిని అక్కడ బిగించి, ఒకే రకం తూటాలోనే వేరువేరు విడతలను వరసగా కాల్చి చూస్తుంది. పేరు ఒకటే, ధర ఒకటే, యంత్రం ఒకటే. అయినా ఒక విడత గుంపు బిగుతుగా, ఒకటి వదులుగా వస్తుంది. ఒకరి తుపాకికి నచ్చిన విడత పక్కవారి తుపాకికి నచ్చకపోవచ్చు.

నచ్చిన విడత దొరికితే పెట్టెలకు పెట్టెలు అక్కడికక్కడే కొనేస్తారు. అది అయిపోతే మళ్ళీ అలాంటిది వస్తుందన్న హామీ లేదు. ఆ పెట్టెలను సాధనకు ముట్టుకోరు. విడత నంబరు కనబడేలా బీరువాలో విడిగా పేర్చి, పెద్ద పోటీ రోజున మాత్రం తాళం తీస్తారు.